గోదావరిపై నొక ప్రదక్షిణము

శంషాబాదునుండి రాజమహేంద్రవరమునకు రెండు పంకాల చిన్న విమానమున బయలుదేరితిమి. అది ఇంచుమించు 70 మందికిఁ జాలును. నడుపునది స్త్రీ యని విని ప్రక్కనున్న పెద్దమ్మగారు ముఖము చిట్లించిరి. 1947లోనే విమానము నడుపుట కనుమతిపత్రము పొందిన ప్రేమ్ మాథుర్‌కు హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్‌వారు కొలువిచ్చిన సంగతి వారెఱుఁగరు కాఁబోలు.

గోదావరి కానవచ్చెను. మధురపూడి యొద్ద వాన క్రమ్మి రన్‌వే మఱుఁగయ్యెను. చక్రములు నేల ముట్టకమునుపే విమానము మరల నింగికెగసెను. పెద్దమ్మగారు మా చేయి పట్టుకొని గోవిందనామములు చదివిరి. నదిపైఁ జుట్టివచ్చి, రెండవమాఱు మెల్లగా దిగితిమి.

ద్వారముకడ నిలిచిన యామెను అడుగఁగా, "నేల కానరానిచో మరల లేచుటయే మా నియమమండీ. అందులకే యింధనము కొంత యధికముగా నుంచుకొందుము. నేఁడింకను మూడు ప్రయాణములున్నవి" అని నవ్వెను.

తొలుత ముఖము చిట్లించిన పెద్దమ్మగారే యామె శిరముపైఁ జేయుంచి దీవించిరి.