ఎల్లిపాయ కారం

మా ఇంట్లో దీన్ని ఎల్లిపాయ కారం అంటాం. పక్కింటి మరాఠీవాళ్లు లసణాచీ చటణీ అంటారు. వాళ్లు అందులో ఎండుకొబ్బరో పల్లీలో కలుపుతారు. మాది అంత ఉన్నవాళ్ల వంట కాదు. పదిహేను ఎల్లిపాయ రెబ్బలు, రెండు చెంచాల ఎండుకారం, అర చెంచా జీలకర్ర, ఉప్పు. రోట్లో దంచి, కంచంలో కుప్పగా పెట్టి, నడుమ గుంట చేసి పచ్చి పల్లినూనె పోస్తే అయిపోయింది. వేడి జొన్నరొట్టె తుంచి అద్దుకోవడమే. ఏ పూటకాపూట చేసుకుంటాం, మర్నాటికి ఉంచం.

ఈ లెక్కలు నావి. బి.కాం. చదివి బ్యాంకులో అంకెలతో బతికినవాణ్ణి, కొలత లేనిదే నమ్మను. మా అమ్మకు కొలతల్లేవు. ఆమె పుట్టింది ఈ కిన్వట్ తాలూకాలోనే, అప్పుడిది ఆదిలాబాద్ జిల్లా. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు తాలూకా నాందేడ్ జిల్లాలో కలిసి బొంబాయి రాష్ట్రానికి పోయింది, 1960లో మహారాష్ట్ర అయింది. అమ్మ మాత్రం ఎటూ కదల్లేదు. మాండవిలోనే కాపురం, మాండవిలోనే ముసలితనం.

పోయిన చలికాలం జ్వరపడి లేచాక ఆమె నోరు చచ్చిపోయింది. ఏది పెట్టినా రెండు ముద్దలే. ఓ ఆదివారం నేనే పూనుకుని మిక్సీలో ఎల్లిపాయ కారం చేశాను. నున్నగా వచ్చింది. అమ్మ నాలుక మీద పెట్టుకుని మొహం తిప్పుకుంది. "చేదు కొడ్తుంది రా. గిది కారమా, మందా?"

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎల్లిపాయలో ఆ ఘాటు ముందే తయారై ఉండదు. రెబ్బ చితికినప్పుడు లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అప్పటికప్పుడు పుడుతుంది. మిక్సీ అంతా పిప్పి చేస్తుంది గనుక ఒక్కసారే పొంగుతుంది. రోట్లో కొంత చితికి, కొంత పలుకుగా మిగులుతుంది.

సాయంత్రం మా అమ్మాయి రోలు కడిగింది. మరాఠీలో చదువుకున్న పిల్ల. తెలుగు అర్థమవుతుంది, నోట రాదు, చదవడం అసలే రాదు. ఆ తప్పు నాది. బదిలీల మీద నెట్టి తప్పించుకున్నాను.

"ఆజీ, మీఠ్ కితీ?" అనడిగింది.

"ముందు ఉప్పు, జీలకర్ర ఏసి దంచు బిడ్డా. ఎల్లిపాయ పొట్టు అంత తియ్యకు. కారం చివర్ల ఎయ్యి," అంది అమ్మ మంచం మీంచే.

ఒకరు మరాఠీలో అడగడం, ఒకరు తెలుగులో చెప్పడం. నడుమ నా అవసరమే రాలేదు. కాస్త చిన్నబోయాను కూడా.

పిల్ల అదంతా నోటుబుక్కులో రాసుకుంది. చూద్దును గదా, అక్షరాలు దేవనాగరి, మాటలు తెలుగు! 'బిడ్డా'తో సహా రాసింది. 'చివర్ల' కాదు, 'చివర' అని దిద్దబోయి ఊరుకున్నాను.

ఆ రాత్రి అమ్మ సగం రొట్టె తిన్నది. గుంటలో ఇంకాస్త నూనె పోయించుకుంది. "ఉప్పు తక్కువైంది," అంది మనవరాలితో. పిల్ల మళ్లీ పెన్ను తీసి ఆ మాట కూడా రాసుకుంది.