ఖాళీ గడులు కూడా లెక్కే



మన గూడేల్లో పాత వెండి రూపాయల దండలు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉన్నాయి. మా అవ్వ దండ పెట్టుకోవడానికి నేను, మా ఊరి వడ్ల మామ కలిసి ఒక చెక్క పెట్టె చేసినం. మీలో ఎవరికైనా పనికొస్తదని వివరంగా రాస్తున్నా.

దండలో ఒకప్పుడు 21 రూపాయలు. ఇప్పుడు 12. వాటిలో నాలుగు నిజాం కాలం నాటి హాలీ సిక్కాలు, మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. మిగతావి ఇంగ్లీషోళ్ల రూపాయలు. ఆ పాత రూపాయి బరువు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. 1940 నుంచి వచ్చిన వాటిలో వెండి సగమే, అందుకే ఏడాది చూడకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

వెండి ధర పెరిగినప్పుడల్లా ఇంట్లో అమ్ముదామనే మాట వస్తది. అంగట్లో ఒక వ్యాపారి కొక్కేలు కోసేసి తూకం లెక్కన కొంటా అన్నాడు. నాణేలు సేకరించే ఒకాయన, కొక్కెం అతికించిన నాణేనికి విలువ లేదన్నాడు. ఆయనకు కొక్కెం ఒక లోపం. మనకు అదే గుర్తు: ఈ రూపాయి సంతలో తిరిగి పోలేదు, ఒక ఆడమనిషి మెడలో ఉంది. అందుకే పెట్టెను కొక్కెం నుంచే గీయడం మొదలుపెట్టిన.

దుకాణాల్లో దొరికే పెట్టెల్లో గడి గుండ్రంగా మాత్రమే ఉంటుంది, కొక్కెం పట్టదు. రూపాయి అడ్డంగా 30 మిల్లీమీటర్ల పైచిలుకు. మేం 32 మిల్లీమీటర్ల గడి కోసి, పైన కొక్కేనికి 6 మిల్లీమీటర్ల గాడి తీసినం. గడికి గడికి మధ్య 10 మిల్లీమీటర్లు. వరుసకు ఏడు, మూడు వరుసలు. మొత్తం పలక అడుగు పొడవు, అర అడుగు వెడల్పు వచ్చింది. గడులు ఆరపార ఉంటాయి. ముందు, వెనక ఆక్రిలిక్ షీటు. రాజు బొమ్మ, వెనక ఏడాది రెండూ కనబడతాయి. కింద చిన్న అర చేసి దండ తాడు అందులో పెట్టినం. పెళ్లి రోజు మళ్లీ గుచ్చి వేసుకోవచ్చు. షీటు మేకులతో కాదు, మరలతో బిగించింది అందుకే.

కట్టె కొత్తది కొనలేదు. పాత ఇంటి టేకు తలుపు రెక్కను చిత్రిక పట్టినం, అది ఏండ్ల కింద ఆరిన కట్టె. వార్నిష్ బయట మాత్రమే. లోపల ఉన్ని గుడ్డ, రబ్బరు వాడొద్దు, వాటిలోని గంధకంతో వెండి నల్లబడుతుంది. పీవీసీ కవర్లు కూడా వద్దు. చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

21 గడులు ఎందుకని అందరూ అడిగారు. 12 చాలు కదా, లేకుంటే మిగతావి ఆన్‌లైన్‌లో కొని నింపమని మా అన్న అన్నాడు. అవ్వను అడిగితే ఒక్కో రూపాయి ఎక్కడికి పోయిందో వేళ్ల మీద చెప్పింది. రెండు కరువు ఏడాది జొన్నలకు. ఒకటి నాన్న జ్వరానికి. మూడు చిన్నమ్మ పెళ్లికి. రెండు ఎడ్ల బాకీకి. ఆఖరిది నేను హాస్టల్‌కు పోయేటప్పుడు ట్రంకు పెట్టెకు, దుప్పటికి.

"కొన్నవి నావి కావు బిడ్డా, వద్దు" అన్నది.

ఆ తొమ్మిది గడుల కింద కారణం రాసి అంటించిన, తెలుగులో, గుంజాల గోండి లిపిలో. మా ఇంటి చరిత్ర ఏ కాగితంలోనూ లేదు. ఉన్న 12 కన్నా ఆ తొమ్మిదే ఎక్కువ చెబుతున్నాయి.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీరూ అడగండి. దండ ఉంటే ప్రతి నాణెం రెండు వైపులా ఫోటో తీయండి, కొక్కెం కొయ్యనియ్యకండి. దండ లేకుంటే అది దేనికి పోయిందో అవ్వ చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. పెట్టె కొలతలు ఎవరికి కావాలన్నా గీసి పంపుతా.