విభక్తులు కలిపిన చుట్టరికం

పరభాష నేర్వడానికి పదవీ విరమణానంతర వయస్సు అనువైనది కాదని చాలామంది అభిప్రాయం. జ్ఞాపకశక్తి సన్నగిల్లుతుందనీ, నాలుక మాట వినదనీ అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా, అరవై మూడవ ఏట నేను జపనీస్ వ్యాకరణం చేతబట్టవలసి వచ్చింది. కారణం, ఒసాకాలో పెరుగుతున్న మా ఐదేళ్ళ మనుమరాలు. మేము తెలుగులో పలికినది ఆమెకు కొంతవరకు అర్థమవుతుంది. బదులు మాత్రం జపనీస్‌లోనే వస్తుంది. తాతకూ మనుమరాలికీ నడుమ ఆమె తండ్రి ఎంతకాలం దుబాసీగా నిలువగలడు?

ముప్పయ్యేళ్ళు బడిలో తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక మొదట వాక్యనిర్మాణాన్ని పరిశీలించాను. కర్త, కర్మ, క్రియ - అచ్చంగా మన వరుసే! మన విభక్తుల వలెనే వారి ప్రత్యయాలూ నామవాచకం వెనుకనే నడుస్తాయి. 'ఒ' అంటే మన 'ను'. 'నో' అంటే 'యొక్క'. 'కరా' అంటే 'నుండి'. 'మో' అంటే 'కూడా'. వాక్యాంతంలో 'కా' చేరిస్తే ప్రశ్న అవుతుంది. "తొమొదచి నో హొన్ ఒ యొమిమసు" అంటే "స్నేహితుని పుస్తకాన్ని చదువుతాను". మాట వెనుక మాట సరిగ్గా అమరింది.

చిక్కు 'వా', 'గా'ల దగ్గర ఎదురైంది. రెండూ మనకు ప్రథమా విభక్తిగానే తోస్తాయి. 'గా' కర్తను చూపుతుంది. 'వా' ఏ విషయమై మాట్లాడబోతున్నామో దానిని ముందు నిలుపుతుంది. "జో వా హన గా నగాయ్" అన్నారనుకోండి: ఏనుగు సంగతికి వస్తే, దాని తొండం పొడవు అని భావం. మికామి అకిరా అనే వ్యాకరణవేత్త 1960లో ఈ వాక్యాన్నే తన గ్రంథానికి పేరుగా ఉంచారు.

మన 'లో' ఒక్కటే, అక్కడ రెండు. ఒసాకాలో 'ఉండటానికి' 'ని' కావాలి, ఒసాకాలో 'పని చేయడానికి' 'దె' కావాలి. క్రియ మాత్రం తేలిక. వచ్చాను, వచ్చావు, వచ్చింది - అన్నింటికీ 'కిమాషిత' ఒక్కటే చాలు.

ఓనో సుసుము అనే జపాన్ పండితుడు తమ భాషకూ తమిళానికీ చుట్టరికం ఉన్నదని వాదించారు. భాషాశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు దానిని అంగీకరించలేదు. చుట్టరికం లేకున్నా పోలిక ఉండవచ్చు గదా! 'తిని చూడు' అని మనమన్నట్లే వారూ 'తబెతె మితె' అంటారు. ఇల్లు వదలి వెళ్ళేటప్పుడు మన పెద్దలు 'వెళ్తాను' అననివ్వరు, 'వెళ్ళొస్తాను' అనాలి. జపానులోనూ అంతే. 'ఇత్తె' అంటే వెళ్ళి, 'కిమసు' అంటే వస్తాను.

ఒక ఉదయం ఫోనులో మనుమరాలు "ఇత్తెకిమసు" అన్నది, బడికి బయలుదేరుతూ. "ఇత్తెరష్షాయ్" అన్నాను నేను, వెళ్ళి రమ్మని. అవతల కొంతసేపు నిశ్శబ్దం. పిమ్మట ప్రశ్న వచ్చింది: "తెరుగుగో దె నన్ తో ఇఉ నో?"

తెలుగు 'లో', ఏమి 'అని', అంటారు? ప్రతి ప్రత్యయమూ తన చోట తానున్నది. తండ్రి సాయం లేకుండా ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అడిగినది తెలుగు మాట.

"వెళ్ళొస్తాను" అని చెప్పాను. ఆమె రెండుసార్లు పలికి, బడికి వెళ్ళింది.