పురిటి సెలవు

మా విశాఖపట్నంలో బేరమాడకుండా వంజరం కొనడం మహాపాపమని నా నమ్మకం. 2025 ఏప్రిల్ ఆఖర్లో మా చేపలామె తట్ట దించి ధర చెప్పేసరికి గుండె గుభేలుమంది.

"అదేమిటమ్మా, పోయిన నెలకి రెట్టింపా?"

"మరబోట్లు కట్టీసినారు కదమ్మగోరూ! ఇది తెప్ప మీద వచ్చిన సేప."

నిజమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమట. ఇదివరకు ఇన్నాళ్లు లేదు, 2015లో 61 రోజులు చేశారు.

"అయితే సముద్రానికి పురిటి సెలవన్నమాట!" అని నా చమత్కారానికి నేనే మురిసిపోయాను.

ఆమె నవ్వలేదు. "బోటెక్కినోల్లకి గవర్మెంటు 20 వేలు ఇత్తన్నాది. తట్ట మోసినోల్లకి ఎవులిత్తారు? వడ్డీకి తెచ్చి పాటలో పాడుకొచ్చేను. బేగి సెప్పమ్మా, ఐసు కరిగిపోతన్నాది."

ఆ ఐసు సంగతి నాకూ తెలుసు. తెలిసే ఇంకో యాభై తగ్గించమన్నాను. ఆమె మాట్లాడకుండా ముక్కలు కోసి ఇచ్చేసింది.

మధ్యాహ్నం మావారు పులుసు కలుపుకుంటూ, "ఎంతకిచ్చిందేమిటి?" అన్నారు. మామూలుగా అయితే ఆ ప్రశ్న కోసమే కాచుక్కూచుంటాను.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాను.