ఒకే ట్యాంకులో ఏ చేపలు కలిసుంటాయి?

ఈమధ్య మన షోలాపూరు పేటల్లో చాలా ఇండ్లల్ల చేపల ట్యాంకులు కనబడుతున్నాయి. పిల్లలు ముచ్చటపడి అడుగుతారు, మనం రంగుకొకటి చొప్పున పది చేపలు తెస్తాం. నెల తిరిగేసరికి రెండే మిగులుతాయి. తర్వాత ట్యాంకు అటకెక్కుతుంది. ఆరేండ్లుగా ఆఫ్రికా సిక్లిడ్ చేపలు సాకుతున్నాను కాబట్టి నాకు తెలిసింది నాలుగు మాటలు రాస్తున్నాను.

నలభై ఏండ్లు సాంచెల మీద పనిచేసి దిగిపోయినవాణ్ణి. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. ఇంట్లో వాళ్ళు మాట్లాడితే సగమే అందుతుంది. మనవడు నా దగ్గరికొచ్చి, రెండుసార్లు అరిచి చెప్పి, విసుగొచ్చి లేచిపోయేవాడు. ట్యాంకు వచ్చినాక ఇద్దరం దాని ముందు గంటలు గంటలు కూర్చుంటున్నాం. అక్కడ చెవులతో పని లేదు. అందుకే ఈ చేపలు బతకడం నాకు చాలా అవసరం.

ముందు చేప ఊరు తెలుసుకోవాలి. మావి మలావీ సరస్సు చేపలు. ఆ సరస్సు మలావీ, టాంజానియా, మొజాంబిక్ దేశాల నడుమ ఉంది. రాళ్ళ సందుల్లో బతికే ఈ రకాలను ఎంబునా అంటారు. గిన్నెల అడుగున తెల్లగ సున్నం పడుతుందని మనం తిట్టుకునే బోరు నీళ్ళే వీటికి బాగా పడతాయి.

ఆస్కార్, ఏంజెల్ కూడా సిక్లిడ్లే. కాని వాటి ఊరు దక్షిణ అమెరికా. ఆస్కార్ అడుగు పొడవు పెరుగుతుంది. ఏంజెల్ పొడుగు రెక్కలను ఎంబునాలు కొరికేస్తాయి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళది. గప్పీలైతే వీటికి మేతే.

ఎంబునాల్లో కూడా అన్నీ ఒక తీరు ఉండవు. ఆరటస్ పిల్ల పసుపు మీద నల్లచారలతో ముద్దుగా ఉంటుంది. మగది పెరిగితే నల్లబడి, కనబడినదాన్నల్లా తరుముతుంది. మనవడు దానికోసమే పట్టుబట్టాడు. దుకాణదారు "అన్నీ కలిసే ఉంటాయి కాకా, తీసుకోండి" అన్నాడు. మేం తీసుకోలేదు. యెల్లో ల్యాబ్, రస్టీ, ఆసీ అనే మూడు నెమ్మదైన రకాలు తెచ్చుకున్నాం. తోడుగా సైనోడాంటిస్ అనే మీసాల చేపలు. అవి రాత్రిపూట తిరుగుతాయి, ఎవరి జోలికీ పోవు.

మా ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండితే 250 లీటర్లు, అంటే పావు టన్ను. స్టాండు గట్టిది ఉండాలి. పిల్లలప్పుడు ఆడమగ తెలియదు కాబట్టి ఒక్కో రకం ఐదారు కొనాలి. మగదానికి మూడు నాలుగు ఆడవి ఉంటేనే ఏ ఒక్కదాని మీదా తరుముడంతా పడదు. షాబాదు బండ ముక్కలు పేర్చి, చేపకొక గూడు దొరికేటట్టు చూడాలి. బండలు ముందు పెట్టి, ఇసుక తర్వాత పోయాలి. ఇవి ఇసుక తవ్వుతాయి, లేకుంటే బండలు కూలుతాయి. కొత్త చేపలు వేసేరోజు బండలు అటుఇటు మార్చాలి. పాతవాటికి తమ జాగా ఏదో తెలియక కొట్లాట తగ్గుతుంది.

ఎంబునాలు రాళ్ళ మీది పాచి గీక్కొని తినేవి. పాలకూర ఉడికించి వేయండి. మాంసం మేత ఎక్కువైతే కడుపు ఉబ్బి చస్తాయి. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చాలి. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోగొట్టే మందు కలిపినాకే పోయండి.

సాంచెల నడుమ మేం చేతులతో, కండ్లతోనే మాట్లాడుకునేవాళ్ళం. చేపను కూడా అట్లనే చూడాలి. పైన మూలకు, రెక్కలు ముడుచుకొని నిలబడ్డదంటే దాన్ని ఎవరో తరుముతున్నట్టు. వెంటనే వేరు చేయాలి. మేత వేసినా నోరు తెరవకుండ, గొంతు కింద ఉబ్బుగా ఉంటే మాత్రం భయపడొద్దు. ఈ జాతి తల్లి మూడు వారాల దాకా గుడ్లను, పిల్లలను నోట్లోనే దాచుకుంటుంది. మా ఇంట్లో అది మొదట కనిపెట్టింది మనవడే. నా భుజం తట్టి, తన బుగ్గలు ఉబ్బించి చూపించాడు.

కొనేముందు దుకాణంలో మూడు మాటలు అడగండి: దీని ఊరేది, ఎంత పెరుగుతుంది, ఏం తింటుంది? జవాబు రాకుంటే ఆ రోజుకు మేత డబ్బా ఒకటి కొనుక్కొని ఇంటికి రండి.