సెంటర్ హాఫ్

బెంబెం దేవి ఫుట్‌బాల్ ఆట నేను ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. టీవీలో కూడా చూడలేదు. అయినా పాతికేళ్లుగా ఆమె అభిమానినని చెప్పుకుంటున్నాను. నవ్వేవాళ్లు నవ్వనీ. మా తాండూరులో అలాంటివాళ్లం నలుగురైదుగురం ఉండేవాళ్లం. ఎక్కడో ఇంఫాల్‌లో ఉన్న ఆమెకు ఆ సంగతి తెలిసే దారే లేదు.

దీనికంతటికీ కారణం మా అక్క. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. బడిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పెట్టింది 1997లోనో, 98లోనో. అక్కను అడిగితే ఒకటి చెబుతుంది, నాకు ఇంకొకటి గుర్తు. అప్పటికి మాది రంగారెడ్డి జిల్లా. ఊరు చుట్టూ నాపరాళ్ల గనులు, ఊళ్లో బండలు కోసి పాలిష్ పట్టే మిషన్లు. పొద్దంతా ఆ రంపాల చప్పుడు చెవుల్లో ఉండేది, ఆగితేనే ఏదో తేడాగా అనిపించేది. కోత రంపం మీద నీళ్లు పోస్తూనే ఉంటారు కదా, ఆ తడిసిన రాయి వాసన తొలకరి వాసనలో కాస్త సున్నం కలిపినట్టుండేది. ఇప్పుడు ఎక్కడ ఇల్లు కడుతున్నా, కొత్త బండలు పరుస్తున్నా ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోతాయి.

మా గోల్‌పోస్టులు కూడా బండలే. పగిలి అమ్ముడుపోని రెండింటిని నిలబెట్టి, అడుగున మట్టి కూరి తొక్కేవాళ్లం. పైన అడ్డకర్ర లేదు. బంతి ఎంత ఎత్తులో పోతే గోల్ అనే దాని మీద ప్రతి ఆటలోనూ తగాదా. గోల్‌కీపర్ చెయ్యి ఎంతవరకు అందితే అంత ఎత్తు అని డ్రిల్ సారు తీర్పు చెప్పాడు. అందుకని అవతలి జట్లవాళ్లు పొట్టి పిల్లను గోల్‌లో నిలబెట్టడం మొదలుపెట్టారు.

నేను ఫార్వర్డ్‌ని. అంటే గోల్ ముందు నిలబడి, అక్క పంపిన బంతిని కాలితో లోపలికి తోసి, సాయంత్రం వాడకట్టంతా తిరిగి ఆ గోల్ కథ చెప్పేదాన్ని. అక్క సెంటర్ హాఫ్. మిడ్‌ఫీల్డర్ అనే మాట మాకు తర్వాత వచ్చింది, అప్పట్లో హాఫ్ అనే అనేవాళ్లం. వెనకాల బంతి లాక్కుని ముందుకు ఇచ్చేది, మళ్లీ వెనక్కి ఉరికేది. ఇందులో ఏం సంబరముందో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి అడిగాను కూడా: "నువ్వెందుకే గోల్ కొట్టవు?"

"అందరం గోల్ కాడ నిలబడితే బాలు ఎవరు తెస్తరే?" అంది.

పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు పని దిగి ఇంటికి పోతూ మైదానం అంచున ఆగేవాళ్లు. కర్ణాటక సరిహద్దు మాకు దగ్గర కాబట్టి ఆ గుంపులో తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి వినబడేవి. వాళ్ల కనుబొమల మీద తెల్లటి రాతిపొడి. మొదట ఆడపిల్లలు నిక్కర్లేసుకుని ఉరుకుతున్నారన్న వింతకే వచ్చి ఉంటారు, అందులో దాపరికమేమీ లేదు. కానీ కొన్నాళ్లకు చూపు మారింది. ఆట మొదలయ్యేటప్పటికి వచ్చి కూర్చునేవాళ్లు. అక్కకు ‘ఇంజన్’ అని పేరు పెట్టింది వాళ్లే. వాడి జంక్షన్‌కు పోయే రైలు లైను మీద ఊరు మాది, ఇంజన్ అనే మాటకు మా దగ్గర ఇంకో అర్థం అక్కర్లేదు. గోల్ నేను కొట్టినా "శాబాష్ ఇంజన్" అని అరిచేవాళ్లు. అది నాకు ఎంత ఉడుకు తెప్పించేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ గుంపులో ఒక ముసలాయన ఉండేవాడు, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. చిన్నతనంలో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ జట్టు ఆట చూశానని చెప్పేవాడు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. దానికి ఆట నేర్పిన రహీం సాబ్ పేరు చెప్పేటప్పుడు తాత గొంతు తగ్గేది, నమాజు వేళ మాట్లాడినట్టు. ఆ రహీం సాబే 1951లో, 1962లో మన దేశానికి ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిన కోచ్ అని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. తాత చెప్పినప్పుడు సగం నమ్మలేదు. ఆయన ముఖం నాకిప్పుడు గుర్తు రావడం లేదు. బీడీ పట్టుకున్న చెయ్యి మాత్రం గుర్తుంది, బొటనవేలి గోరు సగం లేదు.

"బాలు దిక్కు అందరు చూస్తరు బేటీ," అన్నాడు ఒకరోజు నాతో. "బాలు ఇచ్చినంక మీ అక్క ఏడికి పోతదో జర గది చూడు."

చూశాను. ఇచ్చేసి నిలబడేది కాదు. అవతలివాళ్ల కాళ్లకు బంతి చిక్కితే ఎటు వస్తుందో అటు ముందే నడిచేది. పరుగు కూడా కాదు, నడకే. ఆ తర్వాత ఏ ఆట చూసినా నా కళ్లు అక్కడికే పోతున్నాయి. ఇది మంచి అలవాటో కాదో చెప్పలేను. గోల్ పడేటప్పుడు నేను వేరే ఎటో చూస్తున్నానని మా ఇంట్లో ఇప్పటికీ వెక్కిరిస్తారు.

బెంబెం దేవి మా ఊరికి ఒక పేపరు కత్తిరింపుగా వచ్చింది. అక్క అప్పటికి కాలేజీలో ఉంది. డ్రిల్ సారు హైదరాబాద్ నుంచి ఇంగ్లీషు పేపరు ముక్క ఒకటి తెచ్చి, చదివి అర్థం చెప్పాడు. మణిపూర్ అమ్మాయి, 2001కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి, పదిహేనేళ్లకే 1995లో ఇండియాకు ఆడింది, చిన్నప్పుడు మగపిల్లల పేరు పెట్టుకుని మగపిల్లల జట్టులో ఆడేది. అచ్చు మసకగా ఉండి బొమ్మలో ముఖం నల్లగా కనిపించింది, అంతే.

"హాఫేనా సార్?" అని అడిగింది అక్క.

"హాఫే."

ఆ ముక్క అక్క బీరువా తలుపు లోపల అంటించుకుంది. పెళ్లయ్యి వికారాబాద్ పోయేటప్పుడు గోరుతో జాగ్రత్తగా ఊడదీసి తీసుకుపోయింది. ఒక మూల చిరిగి మాత్రం మా పెద్దమ్మ బీరువాకే ఉండిపోయింది.

పెళ్లితో ఆట అయిపోతుందనుకున్నాం. మా జట్టులో అప్పటికే చాలామందికి అట్లే అయిపోయింది. అక్క ఆదివారాలు పొద్దున ప్యాసింజర్ పట్టుకుని, ధారూరు మీదుగా తాండూరు వచ్చేది. పేరుకు తల్లిగారింటికి. సంచిలో చీర కింద బూట్లు. మిగిలినవాళ్లం పదకొండు మందిమి కాలేకపోయేవాళ్లం, ఏడుగురితోనే ఆడేవాళ్లం. సీతాఫలాల కాలమైతే వికారాబాద్ స్టేషన్‌లో గంపల దగ్గర బేరమాడి తెచ్చేది. ఆట అయ్యాక బండల మీద కూర్చుని గింజలు ఎవరు ఎంత దూరం ఊస్తారో పందెం.

ఒక రిపబ్లిక్ డే నాడు వికారాబాద్‌లో మాకూ అక్కడి అమ్మాయిలకూ మ్యాచ్ పెట్టారు. అక్క ఇప్పుడు మా ఊరి కోడలు, మా వైపే ఆడాలన్నారు వాళ్లు. అక్క తాండూరుకే ఆడతానంది. పెద్ద మనుషులు వచ్చి బావకు చెప్పి చూశారు, బావ నేల చూపులు చూశాడు. చివరికి సంగతి అక్క అత్తగారి దగ్గరకు పోయింది. ఆమె జీవితంలో ఫుట్‌బాల్ చూడని మనిషి. "ఆమె కాళ్లు, ఆమె ఆట. నడుమ మనదేం పోయింది?" అనేసి, కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి గీత పక్కన కూర్చుంది. ఎవరు గెలిచారో నాకూ అక్కకూ ఇద్దరికీ గుర్తులేదు. ఆ అత్తమ్మ మాత్రం ఆట పొడుగూతా కోడలి దగ్గరికి ఎవరొచ్చినా "ఏయ్, దూరం జరుగు!" అని అరుస్తూనే ఉంది. తాండూరు వాళ్లొచ్చినా సరే, వికారాబాద్ వాళ్లొచ్చినా సరే.

ఆ తర్వాత పిల్లలు, ఇల్లు. కొన్నేళ్లు అక్క బంతి ముట్టలేదు. ఆ ఏళ్లలోనే మన దేశం ఆడపిల్లల జట్టు కూడా ఆడలేదని నాకు తర్వాత తెలిసింది. ఏడాదిన్నర పాటు ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ లేకపోయేసరికి 2009లో ఫిఫా తన ర్యాంకింగుల పట్టికలోంచి ఇండియా పేరే తీసేసింది. బెంబెం అప్పటికీ ఉంది. మణిపూర్ పోలీసులో ఉద్యోగం చేసుకుంటూ, జట్టుందో లేదో తెలియని రోజుల్లోనూ సాధన మానకుండా ఉంది. మరుసటి ఏడాది కాక్స్ బజార్‌లో దక్షిణాసియా దేశాల తొలి శాఫ్ మహిళల కప్పు జరిగితే మనవాళ్లే గెలిచారు. ఈ ముక్క చదివి వినిపిస్తే అక్క చపాతీలు ఒత్తుతూ, "జట్టు వచ్చేదాంక ఆమె ఆగింది చూడు," అంది. ఇంకేమీ అనలేదు.

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. 42 రోజులు. సార్లంతా సమ్మెలో ఉంటే బడులు మూతపడ్డాయి, వాడల నిండా పిల్లలే. రైలు రోకో ముందురోజు తాండూరు వచ్చిన అక్క ఇక్కడే ఇరుక్కుపోయింది. ఊరకే కూర్చునే మనిషి కాదు, మైదానానికి పోయింది. పక్క తండాల పిల్లలు కూడా వచ్చి చేరారు. రోడ్డు మీద జై తెలంగాణ ర్యాలీ పోతుంటే పిల్లలు సగం ఆటలోంచి ఉరికి అందులో కలిసిపోయేవాళ్లు, మళ్లీ వచ్చి, "స్కోరెంత అక్కా?" అని అడిగేవాళ్లు. ఆ రోజుల గురించి పెద్ద పుస్తకాలే ఉంటాయి. నాకు మిగిలింది ఇంతే.

బెంబెం 2016 ఫిబ్రవరిలో దక్షిణాసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచి ఇండియా చొక్కా విప్పేసింది. ఇరవై ఒక్కేళ్లు. అదే ఏడాది దసరాకు మాది వికారాబాద్ జిల్లా అయింది. 2020లో ఆమెకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు, భారత మహిళా ఫుట్‌బాల్‌కు అదే మొదటిదని తెలిసి, నేను మిఠాయి డబ్బాతో అక్క ఇంటికి పోయాను. బావ ఎవరి పెళ్లి కుదిరిందన్నాడు.

ఫోన్లు వచ్చాక మాకు కళ్లొచ్చాయి. నిజామాబాద్ తండా పిల్ల సౌమ్య గుగులోత్ పేరు వినగానే అక్క మొత్తం అటే ఒరిగింది. ఆ పిల్ల క్రొయేషియా పోయి డినామో జాగ్రెబ్‌కు ఆడుతుంటే, సమ్మె రోజుల్లో మా మైదానానికి వచ్చిన తండా పిల్లలందరి తరఫునా పోయినట్టు మురిసిపోయింది. సౌమ్య ఫార్వర్డ్. ఆమె కోసం చూడటం మొదలుపెట్టి, అక్క చూపు అలవాటు ప్రకారం మధ్యకు జారింది. అక్కడ సంగీతా బాస్‌ఫోర్ ఉంది. బెంగాల్‌లో కల్యాణి ఊరు. సరిహద్దు కాపలా దళం సశస్త్ర సీమా బల్ జట్టుకు ఆడినమ్మాయి. మన ఆడపిల్లల ఫుట్‌బాల్‌ను ఇన్నేళ్లూ నిలబెట్టింది ఇట్లాంటి నౌకరీలే అని నా అభిప్రాయం. తమిళనాడు ఇందుమతి కూడా మిడ్‌ఫీల్డరే, పోలీసు ఎస్సై. కరోనా లాక్‌డౌన్‌లో లాఠీ పట్టుకుని రోడ్డు మీద డ్యూటీ చేసింది. క్లబ్బులు వస్తాయి, మూతపడతాయి. జీతమిచ్చే చోటు ఒకటి ఉంటేనే ఇన్నేళ్లు ఆగడం కుదురుతుంది. అక్కకు అటువంటిది ఒక్కటి దొరికి ఉంటే అని నేను అనుకుంటాను, ఆమె దగ్గర మాత్రం అనను.

2025 జులై 5. వికారాబాద్‌లో వాన. ఆసియా కప్పుకు అర్హత కోసం చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌తో ఆఖరి మ్యాచ్. అప్పటికి రెండు జట్లూ మూడేసి గెలిచి, చెరి 22 గోల్స్ కొట్టి, ఒక్కటీ ఇవ్వకుండా సరిగ్గా సమానంగా ఉన్నాయి. కానీ ర్యాంకుల్లో థాయిలాండ్ 46, మనం 70. వాళ్లు రెండు ప్రపంచ కప్పులు ఆడినవాళ్లు. 2022లో ఆసియా కప్పు మన దేశంలోనే జరిగితే, కరోనాతో జట్టు కనీసం పదమూడు మందిని చూపలేక తప్పుకోవాల్సి వచ్చింది. ఆ జనవరి అక్క రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టాం. బొమ్మ ఆగుతూ సాగుతూ ఉంది. అక్క కూతురు మాటిమాటికీ వైఫై దగ్గరికి పోయి వస్తోంది. 29వ నిమిషంలో సంగీత బాక్స్ బయటి నుంచి కొట్టింది. బొమ్మ మళ్లీ కదిలేసరికి బంతి వలలో ఉంది. పిల్లలు ఎగిరారు, నేను ఎగిరాను. అక్క ఎగరలేదు, "వెనక్కి రమ్మను, ఇగ వాళ్లు మీదికొస్తరు," అంటోంది ఫోన్‌తో. విరామం తర్వాత రెండు నిమిషాలకే థాయిలాండ్ సమం చేసింది. అక్క నా వైపు చూసిన చూపులో కాస్త గర్వం కూడా ఉందంటే ఒప్పుకోదు. 74వ నిమిషంలో మళ్లీ సంగీతే, తలతో. 2-1. ఆ తర్వాతి పదహారు నిమిషాలూ, అదనపు సమయమూ ఎట్లా గడిచాయో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. అయిపోయాక తెలిసింది: అర్హత పోటీలు ఆడి, గెలిచి ఆసియా కప్పుకు పోవడం మన ఆడపిల్లలకు ఇదే మొదటిసారి.

మేము ఇంకా కేకలేస్తూనే ఉన్నాం. అక్క లేచి పొయ్యి మీద తాండూరు కందిపప్పు ఉడికిందో లేదో మెదిపి చూసింది. ముఖం మాత్రం ఏదో బెంగగా ఉంది.

"ఏమాయెనే, గెలిచినం కదా?"

"గెలిచినం. గని రెండు గోల్స్ కొట్టింది కదనే," అంది, గరిటె కడుగుతూ. "ఇగ రేపటి సంది ఈ పిల్లను ఫార్వర్డ్ ఆడమంటరు చూడు. మధ్యల ఎవరుంటరు?"