ఊపిరి లెక్క

2021 మే నెల, కరోనా రోజులు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో వ్యాపారం చేసే ఒకాయన, యాభై దాటిన మనిషి, ఎల్బీనగర్‌లో నేను చూస్తున్న ఐసీయూలో చేరాడు. మాస్కులో నిమిషానికి పదిహేను లీటర్ల ఆక్సిజన్ పోతున్నా రక్తంలో దాని సాచురేషన్ 86 దాటడం లేదు. రెండు చేతులూ మంచం అంచుకు ఆనించి ముందుకు వంగి కూర్చున్నాడు. రెండు మాటలకే ఊపిరి తెగిపోతోంది. హై ఫ్లో ఆక్సిజన్ మిషన్ పెడదామంటే కొడుకు బెదిరిపోయాడు.

"వెంటిలేటరా సార్? అది పెడితే మనిషి మళ్ల రాడంటున్నరు."

కాదని చెప్పాను. గొంతులోకి ఏదీ వెయ్యం, ముక్కులో మెత్తని గొట్టాలే.

ఆయాసపడే మనిషి గాలిని నిమిషానికి ముప్పై, నలభై లీటర్ల వేగంతో, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా లాగుతాడు. మాస్కు ఇచ్చే పదిహేను చాలక, మిగతాది పక్కల నుంచి గదిలోని గాలే దూరుతుంది. మనం ఇచ్చిన ఆక్సిజన్ అక్కడే పలచబడుతుంది. హై ఫ్లో అరవై లీటర్ల దాకా ఇస్తుంది. గొంతులో నిలిచిన పాత గాలిని కూడా బయటికి తోస్తుంది. అంత గాలి పొడిగా పోతే ముక్కు ఎండి మంట పుడుతుంది, కఫం గట్టిపడి కదలదు. అందుకే దాన్ని వేడినీళ్ల మీదుగా పంపి, ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు తెచ్చి వదులుతారు. దారిలో చల్లారకుండా గొట్టంలోనే సన్నని తీగ ఉంటుంది. రౌండ్స్‌లో ముందు నీళ్ల బ్యాగు చూస్తాను, తర్వాతే మానిటర్.

గంట తిరక్కుండానే ఆయన వెనక్కి వాలి దిండుకు వీపు ఆనించాడు. సాయంత్రం రెండు ఇడ్లీలు తిన్నాడు. ఫోన్లో భార్యతో మామిడికాయల లెక్కలు మాట్లాడుతుంటే సిస్టర్లందరూ అటే చూశారు. తినగలగడం, మాట్లాడగలగడం ఎంత పెద్ద మందో ఆ రోజుల్లో తెలిసింది.

అయితే ఈ మిషన్‌కు ఆక్సిజన్ చాలా కావాలి. ఏడువేల లీటర్ల పెద్ద సిలిండర్ కూడా అరవై లీటర్ల చొప్పున పెడితే రెండు గంటలు రాదు. అంతకుముందు నెల, ఏప్రిల్ 23న, బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో ఒడిశాకు పంపిన రోజులవి. సాచురేషన్ 94 ఉంటే చాలు, 99 కోసం నాబ్ తిప్పొద్దని అందరికీ చెప్పేవాణ్ని.

నేను మరచిపోలేనిది మాత్రం ఆ తర్వాతి వారం వచ్చిన మనిషిని. కొత్తపేటలో బట్టలు కుట్టుకునే ఆమె. హై ఫ్లో మీద మూడు రోజులు. ఎప్పుడు వెళ్లినా చిన్నగా నవ్వేది, "బాగనే ఉన్న సార్" అనేది. ఆక్సిజన్ 80 శాతం ఇస్తుంటే సాచురేషన్ 94. ఆ అంకె నన్ను పట్టేసింది. మెడ కండరాలు ప్రతి శ్వాసకూ తాడులా పైకి లేవడం చూశాను. నిమిషానికి 36 సార్లు పీలుస్తోంది. పొద్దున చూద్దామనుకున్నాను. తెల్లవారుజామున అలసిపోయింది. వెంటిలేటర్ కోసం గొంతులోకి ట్యూబ్ వేసేసరికి ఆలస్యమైంది. నాలుగో రోజు పోయింది.

తెలియక జరిగింది కాదు. హై ఫ్లో పనిచేయనప్పుడు 48 గంటలు దాటాక ట్యూబ్ వేసినవాళ్లలో మరణాలు ఎక్కువని కొరియా వైద్యులు 2015లోనే రాశారు. రాక్స్ ఇండెక్స్ అనే లెక్క మీద బార్సిలోనా వైద్యుల పెద్ద అధ్యయనం 2019లో వచ్చింది. సాచురేషన్‌ను ఆక్సిజన్ వాటాతో భాగించి, వచ్చినదాన్ని నిమిషానికి తీసే శ్వాసలతో భాగించాలి. 4.88 పైన ఉంటే కొంత ధైర్యం. పన్నెండు గంటలు గడిచాక కూడా 3.85 దాటకపోతే ప్రమాదం. ఆమెకు 94ను 0.8తో, ఆపైన 36తో భాగించి చూడండి. 3.26 వస్తుంది. ఆ రాత్రి కాగితం మీద ఆ భాగహారం చెయ్యలేదు నేను. హై ఫ్లో రోగికి సుఖాన్నిస్తుంది. ఆ సుఖం చూసి డాక్టరు నిశ్చింతగా ఉండిపోతే ముప్పు.

అప్పటి నుంచి మా వార్డులో ప్రతి హై ఫ్లో మంచానికీ ఒక కాగితం వేలాడుతుంది. గంటగంటకూ శ్వాసలు లెక్కపెట్టి రాయాలి. మానిటర్ చూపే అంకె కాదు, గడియారం పట్టుకుని నిండా ఒక నిమిషం ఛాతీ చూస్తూ లెక్కపెట్టిన అంకె.

పోయిన చలికాలం, రాత్రి రెండు దాటాక ఫోన్. కొత్తగా చేరిన సిస్టర్. "సార్, సాచురేషన్ 95 ఉంది. పేషెంట్ బాగనే ఉన్నా అంటున్నడు. కానీ ఊపిరి 34, రెండుసార్లు లెక్కపెట్టిన." దిల్‌సుఖ్‌నగర్ నుంచి బయల్దేరాను. మెట్రో స్తంభాల కింద రోడ్డంతా ఖాళీ. చైతన్యపురి, కొత్తపేట ఎప్పుడు దాటానో తెలీలేదు. నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి ట్యూబ్ ట్రే సిద్ధం చేసి, మంచం పక్కన నిలబడి మూడోసారి లెక్కపెడుతోంది.